డబ్బు పోయిన మొదటి గంట: సైబర్ మోసం జరిగితే వరుసగా చేయాల్సిన పనులు

మీ ఖాతాలో డబ్బు ఇప్పుడే పోయి ఉంటే ఇది చదవడం ఆపి 1930కి ఫోను చేయండి. లైను దొరకకపోతే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండండి. ఈలోగా పక్కనున్న మనిషి చేత బ్యాంకుకు ఫోను చేయించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇక తీరిగ్గా చదువుతున్నవారికి. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో మన దేశ ప్రజలు 2023లో పోగొట్టుకున్నది సుమారు ₹7,465 కోట్లు. 2024కి అది ₹22,845 కోట్లయింది. ఏడాదిలో మూడింతలు. హ్యాకర్ అనగానే చీకటి గదిలో కూర్చుని కోడ్ రాసే మేధావి గుర్తొస్తాడు కానీ, రోజూ స్టేషన్లకు వచ్చే కేసుల్లో చాలావాటిలో ఎవరూ ఏ కంప్యూటర్‌నూ ఛేదించి ఉండరు. దొంగ తాళం పగలగొట్టడు, తాళంచెవి మీ చేతే ఇప్పించుకుంటాడు. అందుకు అతను వాడేవి రెండే: భయం, తొందర. పని పూర్తయ్యాక మూడోది మనమే సమకూరుస్తాం. అది సిగ్గు. ‘ఇంత చదువుకుని మోసపోయానంటే ఇంట్లో ఏమనుకుంటారో’ అని నోరు మెదపకుండా గడిపిన ఆ పూటే దొంగకు అసలైన లాభం.

ముందు 1930

ఇది జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. 2021లో మొదలైనప్పుడు నంబరు 155260. తర్వాత గుర్తుపెట్టుకోవడానికి వీలుగా 1930 చేశారు. ఫోను ఎత్తేది మీ రాష్ట్ర పోలీసు సిబ్బంది, కాబట్టి తెలుగులోనే చెప్పండి. కథంతా చెప్పనక్కర్లేదు. వాళ్లకు ముందుగా కావలసినవి ఇవి: మీ పేరు, మొబైల్ నంబరు, డబ్బు పోయిన బ్యాంకు లేదా వాలెట్ పేరు, ఖాతా లేదా కార్డు నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ నంబరు. యూపీఐ ద్వారా పోతే లావాదేవీ నంబరు 12 అంకెలుంటుంది. యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే యూటీఆర్ అని కనిపిస్తుంది. అయిదారు విడతలుగా పోతే ప్రతి విడతకూ ఆ నంబరు విడిగా కావాలి. ఓటీపీ, పిన్ మాత్రం 1930 వారు అడగరు. అడిగారంటే మీరు ఫోను చేసింది 1930కి కాదన్నమాట.

ఇంత తొందర ఎందుకో తెలిస్తే ఆ తొందర సహజంగానే వస్తుంది. మీ డబ్బు నేరుగా దొంగ జేబులోకి పోదు. ముందు ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి నాలుగైదు ఖాతాల్లోకి చీలుతుంది, వాటి నుంచి ఇంకో పది ఖాతాల్లోకి. చివరికి ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో మారి కంటికి కనిపించకుండా పోతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగే పని. మీరు ఫిర్యాదు చేయగానే పోలీసులు దాన్ని ఒక ఉమ్మడి వ్యవస్థలో నమోదు చేస్తారు. ఆ సమాచారం వెంటనే మీ బ్యాంకుకూ, డబ్బు చేరిన బ్యాంకుకూ వెళుతుంది. డబ్బు అక్కడే ఉంటే దాన్ని కదలకుండా ఆపుతారు. అప్పటికే దాటిపోయి ఉంటే ఫిర్యాదు ఆ తర్వాతి బ్యాంకుకు వెళుతుంది, అక్కడా లేకపోతే ఆ పైదానికి. అంటే మీ డబ్బు ముందు, మీ ఫిర్యాదు వెనక పరిగెడుతుంటాయి. మీరు ఆలస్యం చేసిన ప్రతి అరగంటా డబ్బుకు ఇంకో రెండు ఖాతాలు దాటే అవకాశం ఇచ్చినట్టే. కొన్నిసార్లు మొత్తం దొరకదు, పావు వంతు దొరుకుతుంది. ఆ పావు వంతు కూడా ముందు ఫోను చేసినవాళ్లకే దొరుకుతుంది.

ఫోను పెట్టేశాక మీకు ఒక ఫిర్యాదు నంబరు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. పని అక్కడితో అయిపోలేదు. 24 గంటల్లోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర హోంశాఖ పోర్టల్‌లోకి వెళ్లి ఆ నంబరుతోనే పూర్తి వివరాలు నింపాలి. చాలామంది ఇది మరచిపోతారు. 1930 లైను ఎంతకీ దొరకకపోతే నేరుగా పోర్టల్‌లోనే మొదలుపెట్టవచ్చు.

అదే సమయంలో బ్యాంకు

ఇంట్లో ఇద్దరుంటే ఒకరు 1930కి, ఇంకొకరు బ్యాంకుకు. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపించండి. పోయింది ఒక దారిలోనే అయినా దొంగకు మీ వివరాలు ఎంతవరకు తెలుసో మీకు తెలియదు. ఫిర్యాదు అందినట్టు బ్యాంకు ఇచ్చే నంబరు, సమయంతో సహా రాసుకోండి. ఆ సమయం ఎంత విలువైనదో కింద చెబుతాను.

బ్యాంకు నంబరు ఎక్కడ తీసుకోవాలి? కార్డు వెనక, పాసుపుస్తకం మీద, బ్యాంకు సొంత యాప్‌లో. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు మాత్రం చేయకండి. ఆ పేరుతో తమ నంబర్లు పెట్టుకుని కూర్చోవడం దొంగలకు పాత విద్య. డబ్బు పోయిన కంగారులో ఉన్నవాడు వాళ్లకు అన్నిటికంటే సులువైన బేరం. రిజర్వు బ్యాంకు ఆదేశాలతో మన బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 గడువుగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాయి. చిరునామా చివర అది లేని ‘బ్యాంకు సైటు’ కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

ఫోనులోకే దొంగ చొరబడితే

వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ జాబితా అంటూ ‘ఏపీకే’ అని అంతమయ్యే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరిచారా? ఎవరో చెప్పారని ఎనీడెస్క్ వంటి, తెరను దూరం నుంచి చూపించే యాప్ ఎక్కించుకున్నారా? అలాగైతే వరుస మారుతుంది. ముందు ఆ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. 1930కీ బ్యాంకుకూ వేరే ఫోను నుంచి చేయండి. ఈ యాప్‌లు మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి సంపాదించో, మీ తెరను చూపించో ఓటీపీలను దొంగకు చేరవేస్తాయి. మీరు అదే ఫోనులో పాస్‌వర్డ్ మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అతనికి చేరవచ్చు. కాబట్టి పాస్‌వర్డ్‌లు మార్చడం వేరే ఫోనులోనో కంప్యూటర్‌లోనో జరగాలి. అన్నిటికంటే ముందు ఈమెయిల్‌ది మార్చండి. మిగతా ఖాతాలన్నీ ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ అంటే తాళం పంపేది ఆ ఈమెయిల్‌కే.

తర్వాత ఫోను సెట్టింగుల్లో కాల్ ఫార్వర్డింగ్ ఎక్కడికైనా పెట్టి ఉందేమో చూడండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి మీది కాని పరికరం కనిపిస్తే తీసేయండి. ఆ యాప్ పేరు, అది వచ్చిన సందేశం స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే ఫోనును పూర్తిగా రీసెట్ చేయండి. ఫోటోలు పోతాయని సగం సగం శుభ్రం చేసి ఊరుకోవద్దు. ఫోటోలు మరో చోటికి కాపీ చేసుకుని రీసెట్ చేయడమే మంచిది.

ఏదీ చెరిపేయకండి

మోసపోయినవాళ్లు ముందుగా చేసే పని ఆ చాట్‌ను తొలగించడం. చూస్తేనే కడుపు రగులుతుంది మరి. కానీ కేసుకు ప్రాణం అదే. అవతలివాళ్ల నంబరు కనిపించేలా చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు, కాల్ జాబితా, వాళ్లు పంపిన లింకు, నకిలీ పత్రాలు, యూపీఐ ఐడీ, ఖాతా నంబరు, బ్యాంకు నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్‌లు అన్నీ ఒక చోట పెట్టండి. నంబరును బ్లాక్ చేసే ముందే ఇవి తీసుకోవాలి. ఆ రోజు ఏం జరిగిందో గంటల వారీగా ఒక కాగితం మీద అదే రోజు రాసుకోండి. వారం తర్వాత ‘ముందు లింకు వచ్చిందా, ఫోను వచ్చిందా’ అని అడిగితే ఎవరికీ గుర్తుండదు.

బ్యాంకు బాధ్యత ఎంత?

ఇక్కడ చాలామంది హక్కు వదులుకుంటారు. ‘మీరే ఓటీపీ చెప్పి ఉంటారు, మేమేం చేస్తాం’ అని కౌంటరు వెనకనుంచి ఒక మాట వినగానే తల వంచుకుని వచ్చేస్తారు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఇలా చెబుతుంది. మీ అనుమతి లేకుండా లావాదేవీ జరిగి, లోపం మీదీ కాక, బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే మీ నష్టం సున్నా. సమాచారం వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మీరు భరించాల్సిన దానికి ఒక పరిమితి ఉంటుంది. సాధారణ పొదుపు ఖాతాకైతే అది ₹10,000. ఏడు దాటితే బ్యాంకు సొంత విధానం ప్రకారం తేలుస్తారు. లోపం బ్యాంకుదే అయితే మీరు ఎప్పుడు చెప్పారన్న దానితో సంబంధమే లేదు, మొత్తం వాళ్లే భరించాలి. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే ఉంటుంది.

మీరే పిన్ కొట్టి పంపిన డబ్బు సంగతి వేరు. దాన్ని మీ అజాగ్రత్త కింద లెక్కగట్టే అవకాశమే ఎక్కువ. అయినా ఒక వాక్యం గుర్తుంచుకోండి: ఖాతాదారు అజాగ్రత్త వల్ల నష్టం జరిగినా, ఫిర్యాదు అందిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. ఫిర్యాదు సమయం రాసుకోమన్నది ఇందుకే. 11.20కి మీరు చెబితే, 11.45కి మరో లక్ష పోతే, ఆ లక్ష గురించి మీరు గట్టిగా అడగవచ్చు.

కాబట్టి ఫోనులో చెప్పి ఊరుకోకుండా శాఖకు వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. దరఖాస్తులో ‘మోసపోయాను, దయచేసి సహాయం చేయగలరు’ అని కాకుండా ‘ఫలానా తేదీ, ఫలానా సమయంలో, ఫలానా నంబరు గల లావాదేవీకి నేను అనుమతి ఇవ్వలేదు’ అని సూటిగా రాయండి, అది నిజమైతే. నిబంధనలు అప్పుడప్పుడు సవరిస్తుంటారు, అందుకని మీ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఖాతాదారుల రక్షణ విధానం తాజా ప్రతి చూసుకుని వెళ్లండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448.

ఫిర్యాదు నంబరు ఎఫ్ఐఆర్ కాదు

పోర్టల్‌లో నంబరు వచ్చింది కదా అని కేసు నమోదైనట్టు అనుకోకండి. దగ్గరి పోలీసు స్టేషన్‌కో సైబర్ క్రైమ్ స్టేషన్‌కో వెళ్లి ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే సెక్షన్ కింద జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఐటీ చట్టం (సమాచార సాంకేతిక చట్టం) కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ లేదా అంతకు పైస్థాయి అధికారే చేయాలి. ‘ఇది మా పని కాదు, అక్కడికి వెళ్లండి’ అనే మాట కొన్నిసార్లు ఇందువల్లే వస్తుంది. దర్యాప్తు ఎవరు చేయాలన్నది వాళ్ల అంతర్గత విషయం. మీ ఫిర్యాదు తీసుకోకపోవడానికి అది కారణం కాదు. ఇతరుల గుర్తింపును వాడుకున్నందుకు ఐటీ చట్టం 66సీ, వేరొకరిలా నటించి మోసం చేసినందుకు 66డీ సెక్షన్లు వర్తిస్తాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

ఆపిన డబ్బు చేతికి రావాలంటే

డబ్బు ‘హోల్డ్’లో ఉందని తెలియగానే సగం మంది ఇక దానంతట అదే వచ్చేస్తుందని ఎదురుచూస్తారు. అలా రాదు. చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఎంత ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి రాసుకోండి. పాత సీఆర్‌పీసీలో 457వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 503వ సెక్షన్ కింద ఆ డబ్బు మీకు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకోవాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయ సేవల సంస్థతో కలిసి ఇలాంటి దరఖాస్తులను లోక్ అదాలత్‌ల ముందు పెట్టి తేల్చే పద్ధతి తెచ్చింది. మామూలు కోర్టు వాయిదాలతో పోలిస్తే ఇది చాలా తేలిక. తర్వాతి లోక్ అదాలత్ ఎప్పుడో స్టేషన్‌లోనో జిల్లా న్యాయ సేవల సంస్థలోనో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు కూడా తమ జిల్లా సంస్థను ఇదే విషయం అడగాలి.

ఈ దశలోనే రెండో దొంగ వస్తాడు. ‘మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు పది శాతం కట్టండి’ అంటూ వకీలుననో, ఎథికల్ హ్యాకర్‌ననో, అధికారిననో చెప్పుకుంటాడు. మీ కేసు వివరాలన్నీ అతనికి తెలిసే ఉంటాయి. మొదటి ముఠాయే మీ పేరు అమ్మి ఉండవచ్చు, లేదా వాళ్లే గొంతు మార్చుకుని వచ్చి ఉండవచ్చు. పోలీసులు, కోర్టు, బ్యాంకు ఎవరూ డబ్బు తిరిగి ఇవ్వడానికి డబ్బు అడగరు.

‘డిజిటల్ అరెస్టు’ కాల్ నడుస్తూ ఉండగానే

ఇది విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో నేరం ఒక నిమిషంలో కాదు, కొన్నిసార్లు రోజుల తరబడి జరుగుతుంది. మీ పేరుమీద పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయనో, మీ ఆధార్‌తో తీసిన ఖాతాలో హవాలా డబ్బు నడిచిందనో మొదలుపెడతారు. తర్వాత వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక అశోక చిహ్నం, సుప్రీంకోర్టు ముద్రతో నకిలీ ఉత్తర్వు. కెమెరా ఆపకూడదు, ఎవరికీ చెప్పకూడదు, చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తామంటారు. చివరికి ‘మీ డబ్బు పరిశీలన కోసం ఈ ప్రభుత్వ ఖాతాకు పంపండి, తేలాక తిరిగి ఇస్తాం’ అంటారు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఇదే చెప్పారు. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు నకిలీ కోర్టు ఉత్తర్వులు చూసి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నామని రాసిన లేఖతో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తనంతట తానే విచారణ చేపట్టింది. డిసెంబరులో దేశవ్యాప్తంగా ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

కాల్‌లో ఉన్నవారు చేయాల్సింది ఒకటే: కట్ చేయడం. వాదించకండి, ‘మీ ఐడీ కార్డు చూపండి’ అని పరీక్షించకండి. చూపడానికి వాళ్ల దగ్గర కార్డు సిద్ధంగా ఉంటుంది. కట్ చేసి, ఫోను బల్ల మీద పెట్టి, పక్కింటికి వెళ్లండి. ఇంకో మనిషితో మాట్లాడిన మరుక్షణం ఆ భయం సగానికి పడిపోతుంది. అందుకే కదా ఎవరితోనూ మాట్లాడవద్దని వాళ్లు అంతగా పట్టుబడతారు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, తల్లిదండ్రులు మాత్రమే ఇక్కడ ఉన్న ఇళ్లకు నాదొక మాట. ‘నాన్నా, జాగ్రత్త’ అని చెబితే చాలదు. ‘పోలీసులని ఎవరు ఫోను చేసినా, ఎంత రాత్రయినా, నేను నిద్రలో ఉన్నా సరే, ముందు నాకు చేయండి. నేను కోప్పడను’ అని చెప్పాలి. ఆ చివరి మాట ముఖ్యం. పెద్ద డిపాజిట్లను ఇద్దరి సంతకాలూ ఉంటేనే రద్దయ్యేలా ఉమ్మడి పేర్ల మీద పెట్టవచ్చేమో, ఆన్‌లైన్‌లో రద్దు చేసే వీలును ఆపవచ్చేమో బ్యాంకులో అడగండి. డిపాజిట్ అకస్మాత్తుగా తీయడానికి వచ్చిన పెద్దవారిని చూసి బ్యాంకు ఉద్యోగులే అనుమానించి డబ్బు కాపాడిన సందర్భాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అయితే ఆ ‘ఎందుకండీ ఇంత డబ్బు?’ అని అడిగే మనిషి ఉండడు.

ఫోటోలు, వీడియోలు చూపి బెదిరించే కేసుల్లోనూ ఇదే పద్ధతి. డబ్బు పంపకండి. ఒకసారి పంపితే బెదిరింపు ఆగదు, రేటు పెరుగుతుంది. 1930కి చెప్పండి. పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై జరిగే ఇలాంటి నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది.

ఒక సాయంత్రం కేటాయించి ఇంట్లో చేసుకోవలసినవి

కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్ లేదా యాప్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీవి కానివి ఉంటే అక్కడే ‘నాది కాదు’ అని నమోదు చేయవచ్చు. అనుమానాస్పద కాల్స్ గురించి ఫిర్యాదు చేసే ‘చక్షు’ కూడా అందులోనే ఉంది.

ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను కాపీ చేసి ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఇందులో ఓటీపీ రాదు కాబట్టి లాకే రక్షణ. పింఛనుకో రేషనుకో వేలిముద్ర అవసరమైనప్పుడు లాక్‌ను తాత్కాలికంగా తీసేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా లాక్ పెట్టేస్తే మాత్రం ఒకటో తేదీన గొడవ మీకే.

కార్డుకు విదేశీ లావాదేవీలు, మీరు వాడకపోతే ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేయండి. యూపీఐ రోజువారీ పరిమితిని మీ ఖర్చుకు తగ్గట్టు తగ్గించండి. రోజూ వాడే యూపీఐని జీతం ఖాతాకు కాక, కొద్ది డబ్బే ఉండే వేరే ఖాతాకు కట్టండి. నా లెక్కలో ఈ జాబితా మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఏం జరిగినా పోయేది ఆ కొద్దే. వాట్సాప్‌కూ ఈమెయిల్‌కూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. ఇది ఇంట్లో పనిమనిషికి, వాచ్‌మన్‌కు కూడా చెప్పండి. వాళ్ల ₹3,000 పోవడం మన ₹3 లక్షలు పోవడం కన్నా పెద్ద దెబ్బ.

ఖాతా అద్దెకిచ్చినా, ఖాతా ఆగిపోయినా

ఇంతసేపూ డబ్బు పోయినవారి గురించే మాట్లాడాం. అవతలి వైపు కూడా మన పిల్లలే కనిపిస్తున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, అక్కడి మోసాల కేంద్రాల్లో బందీలై బలవంతంగా ఈ ఫోన్లు చేయాల్సి వచ్చిన తెలుగు యువకుల ఉదంతం 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తుతో బయటపడింది. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పంపుతానంటే వెళ్లకూడదు.

ఊరు దాటకుండానే ఈ వలలో పడేవాళ్లు ఇంకో రకం. కాలేజీ కుర్రాడికి స్నేహితుడి స్నేహితుడు వచ్చి ‘నీ ఖాతా, సిమ్, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, ఇంత ఇస్తాం’ అంటాడు. అదే మొదట చెప్పిన అద్దె ఖాతా. తీగ లాగితే ముందు దొరికేది ఆ కుర్రాడే, ఎందుకంటే మొత్తం వ్యవహారంలో అసలు పేరు, అసలు చిరునామా ఉన్నది అతనికి ఒక్కడికే. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి ఖాతా ఆపించి, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇచ్చిందీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. సిమ్‌ను బ్లాక్ చేయించాలి. తర్వాత వకీలుతో మాట్లాడి పోలీసులను కలవాలి. నోటీసు వచ్చేదాకా ఆగితే అతని మాట ఎవరూ నమ్మరు.

ఏ పాపమూ ఎరుగని దుకాణదారు ఖాతా కూడా ఒక్కోసారి ఆగిపోతుంది. దొంగ డబ్బుతో ఎవరో సరుకు కొని యూపీఐ చేసి ఉంటారు. అలా జరిగితే ఆపమన్నది ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత, వివాదంలో ఉన్న మొత్తం ఎంత అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఆ మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతా ఖాతాను వదలమని బ్యాంకుకూ దర్యాప్తు అధికారికీ దరఖాస్తు ఇవ్వండి. దానికి ఆ రోజు బిల్లు, స్టాకు పుస్తకం, జీఎస్టీ పత్రాలు జతచేయండి. అధికారి ఈమెయిల్‌కు పంపి, అదే రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. స్టేషన్ ఏ గుజరాత్‌లోనో ఉంటే ‘ఇక్కడికి వచ్చి డబ్బు కట్టి తేల్చుకోండి’ అని ఫోను వచ్చినా, ఆ నంబరు నిజంగా ఆ స్టేషన్‌దేనని ఆ రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో చూసుకునే దాకా జవాబివ్వకండి.